గుంయ్‌మనే మైకు, మా మామ

మామ పోయాడన్న కబురు నాకు ఆఫీసు బస్సులో అందింది. "మీ మామ ఇగ లేడు బిడ్డా. పొద్దుగాల చాయ తాగి ఒరిగినోడు లేవలే" అంది అమ్మ ఫోన్‌లో. ఆయన అమ్మకు అన్న. చిట్యాలలో హైవే పక్కన రేడియోలు, టీవీలు, మైకులు బాగుచేసేవాడు. బతుకంతా ఒకే స్టూలు మీద కూర్చున్న ఆ మనిషి గురించి, ఏ ఉద్యోగంలోనూ ఏడాది నిలవని నేను రాస్తున్నాను.

ఇంజనీరింగు రెండో ఏడాది సెలవుల్లో ఆయన దుకాణానికి వెళ్లాను. "ఏం జెప్పిండ్రు ఇంజనీరమ్మా, మీ కాలేజీల?" అన్నాడు. రెక్టిఫయర్ అన్నాను, ఫిల్టర్ అన్నాను, రిపుల్ ఫ్యాక్టర్ సూత్రం గడగడా అప్పజెప్పాను. అంతా విని, మూలన ఉన్న సైకిలు ట్యూబు తీసి దాని వాల్వు చూపించాడు.

"గాలి లోపలికి పోతది, ఎనుకకు రాదు. డయోడు గూడ గంతే. గోడల కరెంటు ముందుకోసారి, ఎనుకకోసారి ఊగుతది. గీ నాలుగు డయోడ్లు దాన్ని ఒక్క దిక్కే నడిపిస్తయి."

"మరి ఫిల్టర్ ఎందుకు మామా?"

"ఒక్క దిక్కే నడుస్తది గాని దుంకుకుంట నడుస్తది. నల్లా ఆగి ఆగి వస్తె మీ అమ్మ ఏం జేస్తది? డ్రమ్ము నింపి పెడ్తది. పైన నీళ్లు ఆగినా కింద ధార ఆగదు. కెపాసిటర్ గా డ్రమ్ము. అది ఎండిందనుకో, ఆ దుంకుడే మైకుల గుంయ్‌మంటది."

ఆ గుంయ్‌ని ఆయన రోడ్డు అవతల నుంచే పోల్చుకునేవాడు. మామూలు గుంయ్ అయితే కెపాసిటర్ ఎండింది. అంతకంటే లావు గొంతుతో అయితే నాలుగు డయోడ్లలో ఒకటి పోయింది. స్విచ్ ఆపాక కూడా, కెపాసిటర్ కాళ్లకు రెసిస్టర్ తగిలించి మిగిలిన కరెంటు ఖాళీ చేయనిదే నన్ను వేలు పెట్టనిచ్చేవాడు కాదు. "కరెంటు పోయిందని నీకెరుక. దానికెరుక లేదు" అనేవాడు.

ఆ సెలవుల్లోనే మా ఊరి చర్చి యాంప్లిఫయర్ రిపేరుకు వచ్చింది. మామ షుగరు పరీక్షకు దవాఖానకు పోతూ, "నువ్వే చూడు" అని నాకు వదిలి వెళ్లాడు. కెపాసిటర్ ఎండిందని నేనే పట్టుకున్నాను. పాత టీవీ బోర్డు నుంచి తీసినది ఒకటి పెట్టెలో దొరికింది. మైనస్ ఎటో చూపే గీత ఉండే ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి ఉంది. పొడుగు కాలు ప్లస్ అని ల్యాబులో నేర్పారు కదా! పొడుగు కాలు చూసుకుని అతికాను.

ఆదివారం చర్చిలో మొదటి పాట సగంలో యాంప్లిఫయర్ టప్పుమంది. పాస్టరు అయ్యగారి కాళ్ల దగ్గర తెల్లటి పొగ. పిల్లలు బయటికి పరుగెత్తారు. "ఆడిపిల్ల చేతికిస్తె గిట్లనే అయితది. నల్లగొండకు తీస్కపోండ్రి" అన్నాడు సంఘం పెద్ద. ఇంకెప్పుడూ సోల్డరింగ్ ఐరన్ ముట్టనని అక్కడే నిశ్చయించుకున్నాను. తప్పు తనమీద వేసుకుని మామ నన్ను కాపాడతాడని కూడా ఆశపడ్డాను.

వెనక చాప మీద కూర్చున్న మామ లేచి నిలబడ్డాడు. "పెట్టింది మా కోడలే. బాగుచేసేది గూడ ఆమెనే. వచ్చే ఆదివారం, గిక్కడ్నే, అందరి ముందట."

దారిలో ఏడ్చాను. "పొడుగు కాలే చూసి పెట్టిన మామా!"

"కొత్తదైతె నువ్వు జేసింది కరెక్టే. దీని కాళ్లు నేను కత్తిరించిన గదనే! నా కత్తెర ఎటు పోతె అటు పొడుగు. ప్లస్సు, మైనస్సు ఉల్టా అయినయి, పేలింది."

మర్నాడు మామ నన్ను దుకాణంలో కూర్చోబెట్టాడు. పెట్టెలోని పాత కెపాసిటర్లన్నీ నా ముందు కుప్పపోసి, మీటరు చేతికిచ్చి, ఒక్కోదానికి మైనస్ ఎటో తేల్చమన్నాడు. తేలనిది పారేయమన్నాడు. సగానికి సగం పారేశాను.

ఆదివారం ఆరాధనకు ముందే చర్చి మెట్ల మీద కూర్చున్నాను. చుట్టూ పది మంది. మామ చేతులు కట్టుకుని దూరంగా ఉన్నాడు. కొత్త కెపాసిటర్ గీత రెండుసార్లు చూసి అతికాను. నేరుగా కరెంటు ఇవ్వకుండా, మధ్యలో ఒక బల్బు గుండా ఇచ్చాను. అది మామ పద్ధతి. స్విచ్ వేశాను. బల్బు ధగ్గున వెలిగి, మెల్లగా ఎర్రబడి, దాదాపు ఆరిపోయింది.

"అయ్యో, మల్ల ఖరాబు జేసింది" అంది ముందున్న ముసలామె.

"ఆరినందుకే మంచిగున్నది పెద్దమ్మా!" అన్నాడు మామ. "ఎలుగుకుంట ఉంటె లోపల ఖరాబున్నట్టు. డ్రమ్ము నిండింది, ఇగ గుంజుతలేదు."

బల్బు తీసేసి మైకు పెట్టారు. గుంయ్ లేదు. అయ్యగారు మాట్లాడకముందే ఆయన ఊపిరి మాకు వినిపించింది. సంఘం పెద్ద నావైపు చూడకుండా, "మా ఇంట్ల టేపు రికార్డరొకటుంది, జర చూస్తవా బిడ్డా?" అన్నాడు.

పాట మొదలయ్యాక వెనక్కి తిరిగి చూశాను. చివరి చాప మీద, ఇంకా వేడి తగ్గని బల్బును చొక్కా జేబులో వేసుకుని, జేబు ఉబ్బెత్తుగా, కళ్లు మూసుకుని, మామ అందరికంటే గట్టిగా పాడుతున్నాడు.