తల వంచుకున్న ప్రయాణికురాలు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదనిపించింది. నోటి మాటగా తిరిగి తిరిగి అది మారిపోతోంది. మా ఆఫీసు క్యాంటీన్‌లో చెప్పుకునే కథలో నేను రన్‌వే మీద విమానానికి అడ్డంగా నిలబడ్డాను. హఫీజ్‌పేటలో మా కాలనీవాళ్ళు చెప్పుకునే కథలో లైబ్రరీలో చదివిన వైద్యగ్రంథం ఏదో గుర్తొచ్చి పైలట్ చెయ్యి పట్టుకుని ఆపాను. రెండూ జరగలేదు. లైబ్రరీ చదువంటే నాకు గర్వమే, దాచుకోను. కానీ ఆ రోజు ఒక మనిషి కన్ను దక్కింది నా చదువు వల్ల కాదు. ఆ మంచిపేరు దక్కాల్సిన మనిషి వేరే ఉంది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఈ పని నేను చేస్తున్నాను.

పదో తరగతితో నా బడి ఆగింది. హైటెక్ సిటీలో ఒక కంపెనీ భవనం కింది అంతస్తులో కొరియర్ గది ఉంది. అక్కడ నా ఉద్యోగం. వచ్చిన పార్సెళ్ళు పంచాలి, పోయేవి తూచి కట్టాలి. ఒక కొరియర్ బండి పోయి ఇంకోటి వచ్చేదాకా ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలోనే నేను చదువుకున్నాను. మా శాఖా గ్రంథాలయంలో అల్మారాల వరస ప్రకారం చదవడం నా అలవాటు. ఒకటి పూర్తయ్యాకే పక్కది. చరిత్ర అయింది, నక్షత్రాలు అయ్యాయి, కోళ్ళ పెంపకం కూడా అయింది. అప్పుడు యంత్రాల అల్మారా నడుస్తోంది.

ఒక మధ్యాహ్నం పై అంతస్తులో టీమ్ లీడ్‌గా చేసే ఒక మేడమ్ తన పార్సెల్ కోసం వచ్చింది. కడప వైపు మనిషి. నా బల్ల మీద బోర్లా పెట్టిన పుస్తకం తిప్పి చూసింది.

"ఏమన్నా, విమానాలు ఎట్లా ఎగరతాయో చదువుతాండావా? నేను వాటిని తోల్తా."

హాస్యమాడుతోందనుకున్నాను. ఆమె పార్సెల్ విప్పి చూపించింది. పైలట్లు చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్. ఈ ఐటీ ఆఫీసుల్లో పనిచేస్తూ విమానం నడపడానికి లైసెన్సు తీసుకున్నవాళ్ళు కొంతమంది ఉన్నారట. నాలుగు సీట్ల చిన్న విమానం ఒకటి కలిసి ఉంచుకున్నారట, నగరంలోని పాత విమానాశ్రయంలో. మొదట్లో సెలవు రోజున గాల్లో తిరిగి, దిగిన చోట దోసె తిని వచ్చేవాళ్ళు. తర్వాత దూరపు జిల్లాల నుంచి పెద్ద ఆసుపత్రులకు రావలసిన రోగులను తెచ్చి దింపడం మొదలుపెట్టారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు.

"దోసె కోసం పోయి వచ్చేదానికన్నా ఇది నయం గదా" అంది. ఆపైన పార్సెళ్ళు తూచే నా కాంటా వైపు చూసింది. "శనివారం దీన్ని తీసుకోని రాగలవా అన్నా? మా వాళ్ళు అందాజాగా బరువు రాస్తాండారు. నాకు భయం."

ఎందుకు భయమో ఆమె చెప్పక్కరలేదు, నేను చదివే పుస్తకంలోనే ఉంది. చిన్న విమానంలో మనిషి, మూట, పెట్రోలు అన్నీ ఒకే తూకంలో లెక్క. ఆఫీసులో అడిగి అనుమతి తీసుకున్నాం. హైటెక్ సిటీ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి, కాంటాను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పాత విమానాశ్రయానికి పోయాను. ఆ శనివారం నుంచి ఆ పని నాదయింది. వచ్చినవాళ్ళను కారులో ఆసుపత్రికి చేర్చడం, తిరిగి పోయేటప్పుడు తూచి ఎక్కించడం.

మనుషుల్ని తూచడం పార్సెళ్ళను తూచినట్టు కాదు. ఒక పెద్దాయన చెప్పులిప్పి కాంటాకు దండం పెట్టి ఎక్కాడు. ఒకామె "గొర్రెను తూసినట్టు తూస్తున్నవేంది నాయినా" అని గొడవకు దిగింది. ఒక్కొక్కరి మూటలో ఆసుపత్రిలో వాడి పారేసిన మందు డబ్బాలన్నీ ఉండేవి, ఇంట్లో పప్పులు పోసుకోవడానికి.

ఇక అసలు విషయం. మహారాష్ట్ర సరిహద్దు అడవి ప్రాంతం నుంచి ఒక అత్తాకోడళ్ళను మేడమ్ తీసుకొచ్చింది. పాలు పితుకుతుంటే బర్రె తల విసిరిందట. కొమ్ము మొదలు కోడలి కంటికి తగిలింది. రెండో రోజుకు చూపులో సగం నల్ల పరదా దిగింది. కంటి వెనక తెర ఊడుతోందని, ఆలస్యమైతే మొత్తం ఊడిపోతుందని జిల్లా డాక్టరు హైదరాబాదు పంపాడు. వానలకు దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. ఆమెకు రెండో కన్ను లేదు. చిన్నప్పుడే పుల్ల గుచ్చుకుని పోయింది. ఉన్నది ఆ ఒక్కటే.

కన్ను కదలకూడదని గుడ్డ కట్టుకుని దిగింది. కారులో దారిపొడవునా నేను ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. ఇది ఫ్లైఓవర్, ఇది చెరువు, ఇవి అద్దాల మేడలు అని. ఆమె ఊ కొట్టింది. అత్త మాత్రం కిటికీలోంచి చూసి, "గిన్ని అద్దాలు ఎవరు తుడుస్తరు?" అంది.

ఆపరేషన్ అయింది. మంచిగా అయిందని ఫోను వచ్చింది. కొన్నాళ్ళకు ఇంటికి పంపిస్తున్నారని తెలిసి, శనివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం. మా పద్ధతి ఒకటి చెప్పాలి. రోగిని తెచ్చేటప్పుడు ఎగరవచ్చో లేదో డాక్టరును అడిగి ఉత్తరం తీసుకునేవాళ్ళం. తిరిగి పోయేటప్పుడు అడిగేవాళ్ళం కాదు. బాగయిన మనిషికి ఉత్తరం ఎందుకు అనుకున్నాం. పోయేవాళ్ళకు స్వీటు డబ్బా ఇచ్చేవాళ్ళం.

ఆ పొద్దున కోడలు నల్ల అద్దాలు పెట్టుకుని, కొంగు కప్పుకుని, తల బాగా వంచుకుని వచ్చింది. గడ్డం ఛాతీకి ఆనింది. కాంటా మీద నిలబెట్టాను. కాంటా మీద నిలబడ్డ ప్రతివాళ్ళూ తల వంచి అంకెలే చూస్తారు కాబట్టి నాకేమీ అనిపించలేదు. బెంచీ మీద కూర్చున్నాక కూడా వంచుకునే ఉంది. అత్త పక్కన ఉంది, కొత్త మనుషులం మేమున్నాం, పల్లెటూరి కోడలు అట్లా కూర్చోక ఎట్లా కూర్చుంటుంది అనుకున్నాను. నేను తెల్లాపూర్ పక్క పల్లెలో పుట్టినవాణ్ణే. మా అమ్మ మా నాయనమ్మ ముందు అట్లాగే కూర్చునేది. మేడమ్ కూడా అట్లాగే అనుకుంది.

విమానం దగ్గరికి నడిచాం. మేడమ్ తలుపు తీసి పట్టుకుంది. కోడలు తల ఎత్తకుండా చేత్తో తడుముతూ మెట్టు వెతుక్కుంటోంది.

"సిగ్గుపడొద్దు పాపా. మేమంతా మీవాళ్ళమే అనుకో. తల ఎత్తి చూసి ఎక్కు" అంది మేడమ్.

అత్తకు నవ్వొచ్చింది. "సిగ్గా? దీనికా? పెండ్లయి ఇన్నేండ్లాయె, ఒక్కనాడు నా ముంగట తల వంచలే బిడ్డా. డాక్టరు సారు చెప్తే మాత్రం చూడు, పండుకున్నా కూసున్నా వంచుకునే ఉంటది. నా మాటకు లేని ఇలువ గా సారు మాటకున్నది."

కోడలు నేల వైపే చూస్తూ, "నువ్వు గూడ నా కన్ను కోసి కుట్టు అత్తా. నీ మాట గూడ ఇంట" అంది.

నేను నవ్వాను. మేడమ్ నవ్వలేదు. తలుపు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంది.

"తల వంచుకోమని డాక్టరు చెప్పినాడా? ఎందుకంట?"

"లోపల గాలి బుడగ పెట్టిండ్రట" అంది కోడలు. "నేను వంగితే అది ఎనకకు తేలి తెరను నొక్కి పడుతదట. తెర అంటుకునే దాక గిట్లనే ఉండాల్నట."

మేడమ్ ఆమెను రెండు భుజాలూ పట్టుకుని మెట్టు దగ్గర నుంచి వెనక్కు తీసుకొచ్చింది. అంత మెల్లగా మనిషిని నడిపించడం నేను చూడలేదు.

"ఇట్లా బుడగ పెట్టినోళ్ళకు గుర్తుగా చేతికి పట్టీ కడతారు గదా, కట్టలేదా?"

"కట్టిండ్రు, పచ్చది" అంది అత్త. "పొద్దుగాల నేనే కత్తిరించి పడేసిన. దవాఖాన గుర్తు ఇంటిదాక ఎందుకని."

"విమానం ఎక్కొద్దని చెప్పలేదా అవ్వా?"

"చెప్పిండ్రు. గుట్టలెక్కొద్దు, విమానం ఎక్కొద్దన్నరు. మేమేడ విమానం ఎక్కుతం సారూ, గంత పైసలేడివి అని నేనే నవ్విన." చిన్న విమానాన్ని ఒకసారి పైనుంచి కింది దాకా చూసింది. "ఇది విమానమా బిడ్డా? నలుగురు కూసునే ఆటో లెక్కున్నది. దీంట్లనే గద తెచ్చిండ్రు, ఏం గాలే."

మేడమ్ ఆసుపత్రికి ఫోను చేసింది. డాక్టరు మొదట అడిగింది ఒకటే మాట: ఎక్కించారా? లేదని చెప్పినా మళ్ళీ అడిగాడు. విమానం పైకి లేచేకొద్దీ బయట గాలి పలచబడుతుంది, కంట్లో బుడగ ఉబ్బుతుంది. కొండ మీదికి తీసుకుపోయిన చిప్స్ పాకెట్ ఉబ్బినట్టు. పాకెట్ అయితే పగులుతుంది. కన్ను అయితే లోపలి ఒత్తిడికి రక్తం అందక, ఉన్న చూపు పోతుంది. ఇదంతా మేడమ్ నాకు తర్వాత విడమరిచి చెప్పింది. యంత్రాల అల్మారాలో గాలి పలచబడటం గురించి నేను చదివాను. ఒక మనిషి కంట్లో గాలి ఉంటుందని ఏ పేజీలోనూ లేదు.

ఫోను పెట్టేశాక మేడమ్ విమానం రెక్క నీడలో కింద కూర్చుంది. నీళ్ళ సీసా ఇచ్చాను. సగం తాగి, సగం మొహం మీద పోసుకుంది.

"తలుపేసి హెడ్‌సెట్ పెట్టుకోనుంటే ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ ఇనపడదన్నా" అంది. "అత్తాకోడళ్ళ పోట్లాట ఇనే అదృష్టం ఉండేది కాదు."

అత్తకు అప్పటికి విషయం అర్థమైంది. కాంటా పక్కన నేల మీద కూలబడింది. పట్టీ కత్తిరించిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. కోడలు తడుముకుంటూ పోయి పక్కన కూర్చుంది. ఇద్దరూ నేలనే చూస్తున్నారు.

"నువ్వెందుకు వంచినవ్ అత్తా? నీ కంట్ల గాలి లేదు గద."

ముసలామె ఏడుస్తూనే నవ్వింది.

"ఎక్కలే గద. ఇగ పరేషాన్ గాకు" అని కోడలు ఆమె వీపు నిమిరింది. విమానం అక్కడే ఉంది, మేమందరం కిందే ఉన్నాం. ఆ మైదానం మీది ఎండ కూడా ఎంతో హాయిగా అనిపించింది.

కల్వర్టు దగ్గర అప్పటికి పక్క దారి వేశారట, రైలు ప్రయాణానికి డాక్టరు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం సికింద్రాబాదులో కింది బెర్తు మీద కోడలిని బోర్లా పడుకోబెట్టి, అత్తను ఎదురుగా కూర్చోబెట్టాను. మా స్వీటు డబ్బా అత్త ఒళ్ళో ఉంది. "రైలెక్కచ్చని పక్కాగా అడిగిండ్రా బిడ్డా?" అని కదిలేదాకా అడుగుతూనే ఉంది.

మర్నాడు లైబ్రరీకి పోయి, మొదటిసారి వరస తప్పి వైద్యం అల్మారా తీశాను. వరసలో పోతే దాని దాకా రావడానికి నాకింకా చాలా కాలం పట్టేది. కంటి గురించిన పుస్తకంలో ఆ బుడగ మాట దొరికింది. ఆ పేరా అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. చదివేసి, మళ్ళీ యంత్రాల దగ్గరికి వచ్చాను.

మా పద్ధతి మారింది. ఇప్పుడు పోయేటప్పుడు కూడా డాక్టరును మేమే అడుగుతాం. కాంటా మీద నిలబెట్టినప్పుడు నేను ఇంకో ప్రశ్న వేస్తాను: డాక్టరు ఏమేం చెయ్యొద్దన్నాడు? జవాబు చెప్పేదాకా దిగనివ్వను. తోడు వచ్చినవాళ్ళు వెక్కిరించినా, పోట్లాడుకున్నా పూర్తిగా వింటాను.

వానలు తగ్గాక కంటి పరీక్షకు ఆ ఇద్దరూ రైల్లో వచ్చారు. ఆసుపత్రి గేటు దగ్గర కలిశాను. కోడలు గేటు పక్కన రాతిగట్టు మీద కూర్చుని ఉంది, తల నిటారుగా. బుడగ కరిగిపోయిందట, తెర అంటుకుందట. నేను పలకరించగానే గొంతు గుర్తుపట్టి లేచింది. నల్ల అద్దాలు తీసి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గొంతు ఇని లావుగ ఉంటరనుకున్న" అంది. "గింత బక్కగున్నరేంది?"

"చూసినవా సారూ" అంది అత్త. "చూపొచ్చింది, మొదలైంది మల్ల."

ఎవరి పేర్లూ రాయవద్దని వాళ్ళంతా అడిగారు. అందుకే పేర్లు లేకుండానే నమస్కారాలు చెబుతున్నాను. శనివారాలు గాల్లో గడిపే ఆ పైలట్లకు. తలుపు వేయకుండా ఒక ప్రశ్న అడిగిన మేడమ్‌కు. ఒకటికి రెండుసార్లు అడిగిన డాక్టరుకు. కంపెనీ కాంటాను బయటికి పోనిచ్చిన మా ఆఫీసరుకు. కింది బెర్తు ఇచ్చి పై బెర్తుకెక్కిన ముక్కూమొహం తెలియని ప్రయాణికుడికి. వరస తప్పి అల్మారా తీసినా ఏమీ అనని లైబ్రేరియన్‌కు. అందరికన్నా ఎక్కువగా ఆ అత్తకు. కోడలిని దెప్పడానికి సరిగ్గా ఆ నిమిషమే ఎంచుకున్నందుకు.