త్యాగరాజుగారి తీర్థం చెంచా

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ రామాలయంలో పొద్దుటి హారతి అయ్యాక తీర్థం ఇచ్చేది త్యాగరాజుగారే. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడూ ఆయనే, రిటైరయ్యాకా ఆయనే. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ జబ్బు ఆయన కుడిచేతిని వణికిస్తోంది. అయినా తీర్థం చుక్క కింద పడేది కాదు. అదంతా స్వామి దయేనని ఆయన అనుకునేవారు.

ఈమధ్య కలకత్తా ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకు పేరిచ్చారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి మందు లేని మాత్ర. ఎవరికేది పడిందో డాక్టర్లకూ తెలియదు. ఇంటి దగ్గర, వాళ్లిచ్చిన కాగితంలో అరగంటకో గడి నింపాలి: ఒళ్లు తేలిగ్గా కదిలిందా, బిగుసుకుందా, వణికిందా అని. ఆయన అన్ని గళ్లలోనూ ‘బాగుంది’ అని రాశారు. కుశలం అడిగినవాళ్లకు బాగున్నామనడమే ఆయన ఎరిగిన మర్యాద. పైగా వణికిందని రాస్తే, అది చూసి భార్య లలితాంబ తీర్థం చెంచా మాన్పిస్తుందేమోనని లోపల బెంగ.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నర్సు ఇంద్రాణి ఆ కాగితాలు తిరగేసింది. ఆమెదీ ఖరగ్‌పూరే, తెలుగమ్మాయే.

“తాతగారూ, ఇందాక నా ఎదురుగా మంచినీళ్ల గ్లాసు కుదురుగా పట్టుకోలేకపోయారు. ఇందులో అంతా బాగుందే?”

“అంత ఆప్యాయంగా అడిగితే బాగోలేదని ఎలా చెబుతామమ్మా?”

“నాకోసం రాయకండి. మీ తర్వాత ఈ మాత్ర మింగేవాళ్ల కోసం రాయండి. పనిచెయ్యని మందుని మీరు పాస్ చేయించేస్తే వాళ్లేమైపోవాలి?”

తిరుగు లోకల్ రైల్లో ఆయనకు నిద్రో మెలకువో తెలియలేదు. కిటికీ పక్కన చెరువులు సాగిపోతున్నాయి. వాటి మీద తామరాకుల్లా ఎవరివో అరచేతులు తేలుతూ రైలు వెంట వస్తున్నట్టనిపించింది.

మర్నాడు తీర్థం ఇస్తూ మొదటిసారి చెంచా వైపు చూశారు. నీళ్లు ఒక పక్కకు ఒలుకుతున్నాయి. వర్క్‌షాపు ఫిట్టర్ భార్య దాలమ్మ రెండు చేతులూ దోనెలా వెడల్పు చేసి, చెంచా ఎటు ఊగితే అటు జరుపుతోంది. వెనకవాళ్లవీ అవే చేతులు.

“ఎన్నాళ్లయింది దాలమ్మా, ఇలా పట్టడం?”

“రెండేళ్లయినాది పంతులుగారూ. దేవుడి నీళ్లు కింద పడనిస్తామేటి?”

“దాలమ్మొదిన దోనెలో మా వంతు కూడా పడిపోతంది,” అంది వెనక నుంచి రత్నం.

వరసలో చివర లలితాంబ. ఆమె చేతులూ దోనెలాగే ఉన్నాయి.

త్యాగరాజుగారు ఆ చేతుల్లోనూ తీర్థం పోశారు. తర్వాత గుడి మెట్ల మీద కూర్చుని కాగితం తీశారు. అది కదలకుండా లలితాంబ రెండు వేళ్లతో నొక్కిపట్టింది.

ఎనిమిదిన్నర గడిలో రాశారు: ‘వణికింది.’

“మరి రేపటి నుంచి తీర్థం?” అన్నారు తలెత్తకుండానే.

“మీరే ఇవ్వాలి. మా చేతులకి అలవాటైపోయింది,” అంది లలితాంబ.