బంతిని చేత్తో అందుకున్న రత్నం పిన్ని

సముద్రం వెనక్కి తగ్గిందంటే చాలు, మా చిన్నప్పుడు ఆ తడి ఇసకంతా మాదే... రెండు తెడ్లు పాతితే ఒక గోలు. రెండు తెప్పల మధ్య సందు ఇంకో గోలు. ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తూ అమ్మమ్మ కేకలేసేది. "ఒసే, సేపల మీద బంతి పడ్డాదంతే ఈపులు సీరేత్తాను."

మా అందరికీ ఆట నేర్పింది రత్నం పిన్ని. అమ్మకి ఆఖరి చెల్లెలు.

శ్రీకాకుళం జిల్లాలో మాదొక చిన్న జాలరి పల్లె. అక్కడ ఫుట్‌బాల్ ఆడిన మొదటి ఆడపిల్ల మా పిన్నే. హైస్కూల్లో మగపిల్లల కోసం తెచ్చిన బంతిని ఒకరోజు ఊరికే తన్ని చూసిందట. డ్రిల్లు మాస్టారు కాసేపు చూసి, పాతబడ్డ బంతొకటి తన చేతిలో పెట్టి పంపేశారట. ఉప్పునీటికి దాని కుట్లు ఊడిపోతే, తాతయ్య వల అల్లే దారంతో మళ్ళీ కుట్టేవాడు.

ఇసకలో బంతి దొర్లదు. అందుకని పిన్ని దాన్ని బొటనవేలితో పైకి లేపేది... లేపి, చటుక్కున ఆగేది. ఆ ఆగడం చూసి ఎదుటివాళ్ళూ ఆగిపోయేవారు. ఈలోపు అక్కడ పిన్నీ ఉండేది కాదు, బంతీ ఉండేది కాదు. ఆ ఆగడాన్ని చెప్పే మాట కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను. కాలేజీలో ఇన్ని పుస్తకాలు చదువుతున్నా దొరకలేదు...

తర్వాత తాతయ్య చూపు తగ్గింది. వేటకి వెళ్ళడం మానేశాడు. ఇల్లు అమ్మమ్మ చేపల గంప మీద నడిచేది. తెల్లారకముందే గంప ఎత్తుకుని, ఆటోలో ఇరుక్కుని, ఊళ్ళు తిరిగి అమ్ముకుని వచ్చేది. వచ్చాక మెడ తిప్పలేక కుక్కిమంచంలో అలాగే ఒరిగిపోయేది.

సరిహద్దు కాపలాకి ఆడపిల్లల్నీ సిపాయిలుగా తీసుకుంటున్నారని తెలిసి పిన్ని సెలక్షన్లకి వెళ్ళింది. వెళ్ళేముందు వారమే ఆటలో మడమ బెణికింది. అక్కడ పరుగు సగంలో కూలబడి, కుంటుకుంటూ ఇంటికొచ్చింది. వయసు దాటిపోయేలోపు ఇంక ఒక్కసారే అవకాశం.

ఆ రోజు అమ్మమ్మ తిట్టలేదు. తిడితేనే బాగుండేదేమో.

"సూడే రత్నం... నువ్వు ఆడుకుంతానంతే ఆడుకో. నాను సచ్చినదాకా గంప మోస్తాను. మొయ్యమంతావా, సెప్పు."

పిన్ని గిన్నెలో మిగిలిన గంజి తాగేసి పడుకుంది. మర్నాటి నుంచి బంతి ముట్టుకోలేదు.

పొద్దున్నే తారురోడ్డు మీద పరుగు... సాయంత్రం మళ్ళీ పరుగు. మేం ఆడుతుంటే వచ్చి తెప్ప మీద కూర్చునేది, కాళ్ళు రెండూ పరికిణీ కింద ముడుచుకుని.

ఒకసారి బంతి ఎగిరి సరిగ్గా తన ముందే పడింది. ఇప్పుడు లేపుతుంది, బొటనవేలితో లేపుతుంది... అని అందరం అలాగే నిలబడిపోయాం. పిన్ని వంగి, దాన్ని రెండు చేతులతో తీసి మాకు విసిరింది.

తన మేనబావ సింహాద్రి ఒడ్డున వల దులుపుతున్నాడు. పకపకా నవ్వాడు. "ఏటే, కాళ్ళు తాకట్టెట్టీసినావేటి?"

"అవును బావా. ఉజ్జోగమొచ్చినాక ఇడిపించుకుంతాను."

అందరం నవ్వాం. పిన్నీ నవ్వింది.

ఉద్యోగం వచ్చింది. శిక్షణ అయ్యాక ఎక్కడో మంచుకురిసే సరిహద్దుకి పంపారు. మొదటి సెలవుకి ట్రంకుపెట్టె మోసుకుని వచ్చేసరికి నేను తనని గుర్తుపట్టలేదు. జుట్టు కురచగా ఉంది. బుగ్గలు చలికి మాడి నల్లబడ్డాయి. అమ్మమ్మ గంప మాత్రం అప్పటికే చూరుకి వేలాడుతోంది.

పిన్ని పడుకుంది... అలా పడుకుంటూనే ఉంది. మేం బంతి పట్టుకుని గుమ్మంలో కాపలా కాసేవాళ్ళం.

"తొంగోనీయండే. ఆ సలిలో నిలబడి నిలబడి ఒచ్చినాది. బంతేటి, బంతి," అని అమ్మమ్మ మమ్మల్ని తరిమేసేది.

సెలవు సగం అయిపోయాక ఒక సాయంత్రం తనే ఒడ్డుకి వచ్చింది. చెప్పులు విప్పింది. మా ఆనందం చెప్పలేను.

ఆట మొదలైంది. పిన్ని పరిగెత్తింది. నడుం నిటారుగా, ఒకే వేగంతో, ఒకే ఊపిరితో... బంతి ఎటు వెళ్ళినా అందరికంటే ముందు చేరేది. కానీ చేరాక కాళ్ళు ఆగేవి కావు. బంతి వెనక ఉండిపోయేది, పిన్ని ముందుకి వెళ్ళిపోయేది. బొటనవేలితో లేపబోతే ఇసకే లేచింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఇసకే.

చీకటి పడకముందే తను పక్కకి వెళ్ళి కూర్చుంది. ఆయాసం కూడా లేదు. నేను పక్కన చేరాను.

"కాస్త అలవాటు తప్పినాది, అంతే పిన్నీ. రేపాడితే వచ్చేస్తాది."

"రాదే. ఆగకుండా పరిగెట్టడం ఈ కాళ్ళకి బాగా నేర్పీసినాను." అరికాళ్ళ ఇసక దులుపుకుంది. "నిద్రొస్తాంది. ఇంటికి పోదాం పద."

ఆ తర్వాత సెలవుల్లో మేం బంతి పట్టుకుని గుమ్మంలో కూర్చోలేదు. పడుకోనిచ్చాం.

ఇప్పుడు మా ఊళ్ళో పొద్దున్నే తారురోడ్డు నిండా ఆడపిల్లలే... రత్నంకి వచ్చింది కదా, మా పిల్లకీ వస్తుందని ప్రతి ఇంటివాళ్ళూ పంపిస్తున్నారు. మా చెల్లీ వెళ్తోంది. కాళ్ళకి దెబ్బ తగులుతుందని వాళ్ళని ఎవరూ ఆడనివ్వరు.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. అందరి మంచిచెడ్డలూ అడిగాక, "పిల్లలెవలైనా ఆడతన్నారేటే?" అంది.

"పరిగెడతన్నారు పిన్నీ."

ఫోన్లో తన వెనక గాలి హోరు వినపడుతోంది.

"మంచిదేలే... కూడు పెడతాది," అంది.

ఇంట్లో పొయ్యి వెలగడం కోసం బాగా వచ్చిన ఆటని వదిలేసినవాళ్ళు మీ ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటారు. వాళ్ళు ఎలా ఆడేవారో కింద రాయండి... ఉద్యోగం సంగతి వద్దు, ఆట సంగతే రాయండి.