కొండ మీద ఎర్రకోక

మా మేనత్త పోయింది. కిందటి వారం సోమవారం తెల్లవారుతుండగా మామ ఫోన్ చేసి చెప్పాడు. ముందురోజు నేను ఫోన్ చేస్తే, "నాకేమప్పా, రాయి మాదిరి ఉండాను" అని నవ్వింది. ఆ ఫోన్ మీద నాకింకా కోపం పోలేదు.

మాది బెంగళూరు పక్క ఆనేకల్ దాటాక వచ్చే చిన్న ఊరు. మా ఊరికీ అత్త మెట్టినూరికీ నడుమ ఒక కొండ. కాకికైతే దగ్గరే, మనుషులకు మాత్రం రెండు బస్సులు. కొండ నెత్తిన మునేశ్వరుడి గుడి, పక్కనే బండలో నీటిదొన. అత్త ప్రతి సోమవారం కొండెక్కి, దొననీళ్లు పోసుకుని, తడిసిన ఎర్రకోకను మా ఊరివైపు బండ మీద ఆరేసేది. అది చూసి మా అవ్వ మిద్దె మీద తెల్లపంచె పరిచేది. కూతురు బాగుంది, తల్లి చూసింది. అంతే కబురు.

ఒక సోమవారం కోక కనబడలేదు. అవ్వ వడ్డిస్తున్న అన్నం ఆపేసి నాయనను బస్సెక్కించింది. వెళ్లేసరికి అత్త జ్వరంతో మూలుగుతోందట. కళ్లు తెరిచి, "అమ్మ చూసిందా?" అందట.

"చూడకుంటే నేనెందుకు వస్తా" అన్నాడు నాయన.

చిన్నప్పుడు మమ్మల్ని కొండెక్కించినప్పుడు అత్త చుట్టూ ఊళ్లు చూపించి ఒక్కోదానికి ఒక్కో వంక పెట్టేది. "ఆ చెరువుకట్ట ఊరోళ్లు మజ్జిగ పోస్తారు, నీళ్లే ఎక్కువ. ఆ తోపు పక్క ఊర్లో పిల్లనిస్తే పండక్కి గూడా పంపరు." మా ఊరి దగ్గరికొచ్చేసరికి మాత్రం కొంగు సర్దుకుని, "ఆడ మా యమ్మ ఉండాది" అనేది.

తర్వాత అవ్వ పోయింది. పంచె పరిచే పని నాయన మీద పడింది. నేను బెంగళూరులో పీణ్య ఫ్యాక్టరీల్లో పనికి చేరి ఇంటికి ఫోన్ పెట్టించాక ఆ పనీ తప్పింది. అత్తకు ఫోన్ నచ్చలేదు. "దాంట్లో అందరూ బాగుండామనే అంటారప్పా. కొండెక్కేదానికైతే కాళ్లు ఒప్పుకోవల్ల గదా" అనేది. మేం నవ్వేవాళ్లం.

అత్త పోయిన మూడోనాడు శ్మశానంలో పాలు పోసి వచ్చాక మామ చెప్పాడు, దసరా నుంచీ గుండె బాగాలేక అత్త కొండెక్కనే లేదని. "మీకు చెప్తానంటే వద్దనింది. బండ చూస్తే మా వాళ్లకే తెలుస్తాది, వస్తారు అనింది."

మా మిద్దె మీదికెక్కితే ఆ బండ ఇప్పటికీ చక్కగా కనబడుతుంది. ఇన్ని సోమవారాలు ఖాళీగా ఉన్నా మాలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

నిన్న సోమవారం. నాయన ఎవరికీ చెప్పకుండా మిద్దెక్కి, అవ్వ పరిచే చోటే తన తెల్లపంచె పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. పొద్దు వాలి కొండనీడ మిద్దె మీదికి వచ్చినా దాన్ని తియ్యలేదు.