అద్దాల పడవలో అత్తగారి ఉపవాసం

మొన్న ఆదివారం, అశోక్‌నగర్‌లో ఉండే మా అబ్బాయి సెలవులకు వెళ్ళిన విదేశం నుంచి ఫోనుకి ఒక వీడియో పంపాడు. పెద్ద నది, దానిమీద తళతళలాడే పడవ, అందులో కోడలూ పిల్లలూ తలో పళ్ళెం పట్టుకుని చేతులూపుతున్నారు. చిక్కడపల్లిలో మా ఇంటి వరండాలో కూర్చుని దాన్ని నాలుగుసార్లు చూశాను, నాలుగోసారికి మా అత్తగారు గుర్తొచ్చి ఒక్కదాన్నే పైకి నవ్వేశాను.

మా మొదటి ఫారిన్ ప్రయాణం బ్యాంకాక్‌కి. నా వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు, అప్పట్లో ఫారిన్ అంటే పెళ్ళికి తరలివెళ్ళినంత హడావిడి! కోఠీకి మూడుసార్లు తిరిగి సూట్‌కేసులూ స్వెట్టర్లూ (బ్యాంకాక్‌లో స్వెట్టరెందుకని ఇంట్లో ఒక్కరూ అడగలేదు), నారాయణగూడలో పచ్చళ్ళూ కారప్పొడులూ కొని, గల్లీలో అందరికీ చెప్పి మరీ బయల్దేరాం. మావారు, నేను, పదేళ్ళ మా అబ్బాయి, మా అత్తగారు. అక్కడ దిగిన మర్నాడు పొద్దున గుళ్ళు, మధ్యాహ్నం నదిమీద పడవ షికారు, భోజనం అందులోనే. ముందురాత్రి నాకు సంతోషంతో నిద్రపడితే ఒట్టు.

తెల్లారి టూరు బస్సు వంతెన ఎక్కగానే కిటికీలోంచి నది కనబడింది. అంతే, అటుకుల డబ్బా అప్పుడే విప్పిన మా అత్తగారు ఠక్కున మూత పెట్టేశారు. కొత్త నది కంటబడితే ఆ నీళ్ళు తాకి తలమీద చల్లుకుని, పసుపుకుంకుమలు సమర్పించేదాకా వాళ్ళింట్లో పెద్దవాళ్ళు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. ఆవిడ షుగర్ మనిషి, కడుపులో కప్పు కాఫీ తప్ప ఏమీ లేదు. నేను మొత్తుకుంటే, "పడవెక్కుతం గద, నీళ్ళు ముట్టంగనే తింట తీయి" అన్నారు.

మా వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా పడుకున్నాడా అనిపించేంత పొడుగు బుద్ధుణ్ణి చూసి మావాడు గంతులేశాడు, నేనూ గుడిగుడికీ నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అత్తగారు మాత్రం అన్నిటికీ ఓ దండం పెట్టి, పడవ ఎప్పుడని అడగడమే పని. తీరా ఎక్కి చూద్దుము కదా, అది ఏసీ పడవ! చుట్టూ పైనుంచి కిందిదాకా అద్దాలు, నీళ్ళు ఎక్కడో కింద.

"ఏందే ఇది? నీళ్ళు ముట్టకుంట నదిని చూసుడేంది?" అని ఆవిడ నా మొహంలోకి చూశారు, పడవను నేనే కట్టించినట్టు.

బల్లలనిండా వంటకాలు, ఆవిడ ముందు ఖాళీ పళ్ళెం. మావారు బతిమాలారు: "జర తినరాదే అమ్మా, కండ్లు తిరిగి పడితే ఈడ ఎవర్ని పిలువాలె?" ఆవిడ తల అడ్డంగా ఊపారు. భయమూ కోపమూ కలిసి నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ మావైపే చూస్తుంటే సిగ్గేసి, ఆవిడెవరో నేనెవరో అన్నట్టు వెళ్ళి వేరే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

అక్కడ వడ్డిస్తున్న ఒకావిడ, నా ఈడుదే, అత్తగారి చేతిలో పసుపుకుంకుమల పొట్లాన్నీ, అద్దంవైపు జోడించిన చేతులనూ చూసింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఏం తోచిందో, గబగబా వెళ్ళిపోయి, పడవ రేవు దగ్గర ఆగగానే తిరిగొచ్చి, అత్తగారిని చేయిపట్టి, మమ్మల్నీ రమ్మని సైగచేసి వెనకవైపుకి తీసుకెళ్ళింది. తాడు కట్టిన బకెట్టు నదిలోకి జారవిడిచి, నిండా నీళ్ళు తోడి, అత్తగారి ముందు పెట్టి తనూ దండం పెట్టింది!

అబ్బ, ఆ క్షణం! మావాడు ఈల వేశాడు. మావారు కళ్ళు తుడుచుకున్నారు. ఎక్కడివాళ్ళో ఏమిటో, పడవలోని వాళ్ళు కూడా వచ్చి తలలు వంచి నిలబడ్డారు. అత్తగారు పసుపుకుంకుమలు నదిలోకి వదిలి, మూడుసార్లు నీళ్ళు తలమీద చల్లుకుని, వెనక్కి తిరిగి అందరికంటే ముందు నన్నే పిలిచారు.

"రా బిడ్డా. నువ్వు గూడ పొద్దటి సంది తినలే గద, నేను చూస్తనే ఉన్న."

నిజమే. అంత కోపంలోనూ ఆవిడ తినకుండా నాకు ముద్ద దిగలేదు. ఆవిడ చల్లిన నీళ్ళు నెత్తిన పడుతుంటే ఏడ్చేశాను. తర్వాత ఇద్దరం ఒకే బల్ల దగ్గర, నూడుల్స్‌లో ఆవకాయ కలుపుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా రెండేసి పళ్ళేలు లాగించాం.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత నేనూ చాలా నదులు చూశాను, చాలా పడవలెక్కాను, వేళకి తిన్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఆకలి వేళ వాళ్ళది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను తిన్నానో లేదో పక్క బల్ల నుంచి కనిపెట్టేవాళ్ళు లేరు. నిజం చెప్పొద్దూ, ఎదుటివాళ్ళ పళ్ళెం వంక చూడటం నేనూ ఎప్పుడో మానేశాను.