డబ్బులు నిండుకున్నాయండి

మా అక్కకి టాస్మానియాలో సీటొచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో అందరం చేసిన మొదటి పని, అదెక్కడుందో వెతకడం. నా పాత స్కూలు అట్లాసులో ఆస్ట్రేలియా కింద చిన్న ముక్కలా కనిపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇంకాస్త జారితే సముద్రంలో పడేలా ఉందేంటే" అంది. అక్క చదవబోయేది చేపలూ రొయ్యల పెంపకం గురించే కనుక, సముద్రంలో పడ్డా చదువు ఆగదని నేను ధైర్యం చెప్పాను. ఎవరికీ నచ్చలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. అక్కడ చదివినన్నాళ్ళూ తిండికీ అద్దెకీ ఫీజుకీ సరిపడా సొమ్ము మా దగ్గరుందని వీసా ఆఫీసుకి చూపించాలి. ఇవాళ అప్పు తెచ్చి రేపు చూపిస్తే ఒప్పుకోరు. కొన్ని నెలలుగా బ్యాంకులో కదలకుండా ఉండాలి. మా నాన్న కొవ్వూరులో స్కూలు మాస్టారు. ఆయన జీతం బ్యాంకుకి చుట్టపుచూపుగా వచ్చి, చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయేది. వీసా రాకపోతే సీటు పోతుంది. సీటు పోతే అక్క మళ్ళీ రొయ్యల మేత కంపెనీలో లెక్కలు రాసుకుంటూ కూర్చోవాలి. అప్పటికే ఆ మేత వాసన చున్నీలకి పట్టేసి, బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటోందని తనే చెప్పేది.

ఇక మిగిలింది మావయ్య. అమ్మకి తమ్ముడు. భీమవరం అవతల రొయ్యల చెరువులు చేసేవాడు. సంగతి విని ముందు నవ్వాడు.

"రొయ్యల గురించి చదవడానికి అంత దూరమెందుకమ్మాయ్? నా చెరువు గట్టు మీద ఓ ఏడాది కూర్చో. సర్టిఫికెట్ నేనే ఇస్తాను."

"తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలన్నీ తేలిపోతే ఏం చేస్తావు మావయ్యా?"

"ఏం చేస్తాం, ఏడుస్తాం."

"ఏడవకుండా ఏం చెయ్యాలో అక్కడ నేర్పుతారంట."

అంతకు ముందు పంటలో మావయ్యవి రెండు చెరువులు అలాగే పోయాయి. ఈసారి పట్టుబడి అవగానే, అంటే రొయ్యలు పట్టి అమ్మగానే, వచ్చిన సొమ్మంతా బ్యాంకులో వేసి అక్కకి హామీ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

పెట్టాడు కానీ పాపం, డబ్బు ఊరికే పడి ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన చేతిలో రూపాయి పొద్దున మేతగా మారి, సాయంత్రానికి చెరువులో ఉండేది. వారానికోసారి బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్కు ప్రింటు కొట్టించుకునేవాడు. "అలాగే ఉందక్కా, అంగుళం ఎదగలేదు" అని అమ్మకి ఫోన్లో వాపోయేవాడు. మేత వేసి చూడమని నేను సలహా ఇచ్చాను.

ఇక్కడ మా అమ్మమ్మగారింటి అలవాటొకటి చెప్పాలి. ఆ ఇంట్లో 'లేదు' అనే మాట నిషేధం. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, లేదంటే నిజంగానే లేకుండా చేస్తారనీ అమ్మమ్మ భయం. బియ్యం డబ్బా అడుగు కనిపించినా సరే, 'నిండుకున్నాయి' అనాలి. నూనె, పప్పు, అగ్గిపెట్టె, అన్నీ నిండుకునేవే. అన్నీ నిండుకున్న రోజున ఆ ఇంట్లో వంట ఉండేది కాదు. మావయ్య ఆ పాఠాన్ని వ్యాపారంలోకి తెచ్చాడు. అప్పుకొచ్చిన చుట్టానికీ, జాతర చందాకొచ్చిన కుర్రాళ్ళకీ, చీటీ వెయ్యమనేవాళ్ళకీ ఒకటే జవాబు: "డబ్బులు నిండుకున్నాయండి." అబద్ధమాడిన పాపం లేదు, దిష్టి తగలదు, వచ్చినవాడూ వెళ్ళిపోతాడు.

కాగితాలన్నీ ఢిల్లీలో వీసా ఆఫీసుకి పంపించాక, ఓ ఆదివారం మావయ్య క్యారేజీ నిండా రొయ్యలు తెచ్చాడు. భోజనాల దగ్గర మాటల్లో అన్నాడు.

"మొన్నెవడో ఢిల్లీ నుంచి ఫోన్ చేశాడక్కా. తెలుగువాడే. మీ దగ్గర తగినంత ధనమున్నదా అండీ అన్నాడు. చెరువు మీద ఉన్నాను, నీళ్ళు చిలికే ఏరేటర్ల మోత. ముక్కూ మొహం తెలియనివాడికి మన లెక్కలెందుకని, నిండుకున్నాయండి అని చెప్పేశాను."

అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మావయ్యా, అది వీసా ఆఫీసు."

"వీసా వాళ్ళయితే ఇంగ్లీషులో చెయ్యరా?"

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న మజ్జిగ వద్దని లేచిపోయారు. ఇంత జరిగినా రొయ్యల ఇగురు బాగుందని నేనొక్కణ్ణే గమనించినట్టున్నాను, ఇంకాస్త వేసుకున్నాను.

"వింతేంటంటే, నేనలా అనగానే వాడు 'చాలా సంతోషమండీ' అన్నాడు. నిండుకున్నాయంటే సంతోషించేవాణ్ణి నేనెక్కడా చూడలేదు" అన్నాడు మావయ్య, మెల్లగా చెయ్యి కడుక్కుంటూ. అప్పుడు ఆ మాట ఎవరికీ తలకెక్కలేదు.

రెండు రోజులు అక్క నాతో తప్ప అందరితో మాట్లాడింది, ఆ ఇగురు కారణంగా. మూడో రోజు ఢిల్లీ నుంచి ఇంటికే ఫోనొచ్చింది. అక్క ఎత్తింది, నేను పక్కన చెవి పెట్టాను. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగేమో, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంది.

"మీ మేనమామగారితో సంభాషించితినమ్మా. ధనము నిండుగా ఉన్నదని సెలవిచ్చారు. అది రొయ్యల వ్యాపారములోనిదేనా అని అడుగులోపల ఫోను పెట్టివేశారు."

అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను, నవ్వొస్తే ఆ గోడే దిక్కు.

"రొయ్యలదేనండి" అంది అక్క, గొంతు సవరించుకుని. "పట్టుబడి సొమ్మండి. కాగితాలన్నీ పెట్టామండి."

"నిండుగానే ఉన్నది కదా?"

"నిండుగానే ఉందండి. బ్యాంకులో అలాగే ఉంది."

అది నిజమే. ఫోన్ పెట్టేశాక అక్క అక్కడే నేల మీద చతికిలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ రోజు నుంచి నాతోనూ మాట్లాడింది.

వీసా వచ్చింది. అసలేం జరిగిందో మావయ్యకి చెప్పొద్దని అక్క మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకుంది, ఆయన చిన్నబుచ్చుకుంటాడని. దాంతో మావయ్యకి ఆ దేశం మీద విపరీతమైన గౌరవం ఏర్పడిపోయింది. చెరువు గట్టు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేవాడు: "ఆస్ట్రేలియా వాళ్ళంత మంచివాళ్ళు లేరండి. మా దగ్గర డబ్బులు నిండుకున్నాయని మొహం మీదే చెప్పాను. అయినా పిల్లకి వీసా ఇచ్చేశారు."

ఆ మాట విని ఊళ్ళో ఇద్దరు ముగ్గురు తమ పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని ఆయన దగ్గరకొచ్చారు. ఖర్చులకి కాస్త సర్దమన్నారు. మావయ్య ఏమన్నాడో మళ్ళీ చెప్పక్కర్లేదు.