మోకాలి మీద అనుమానం

హైదరాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడుతున్న రోజుల్లో నా కుడి మోకాలు దెబ్బతిన్నది. నేను ఎడమ అంచున పరుగెత్తే ఆటగాణ్ణి. బంతితో మలుపు తిరగబోతే పాదం నేలకు అతుక్కుపోయి, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల ఏదో పుటుక్కుమంది. లిగమెంటు కొంత చిరిగిందని, వేసవి అంతా ఆడొద్దని డాక్టర్ చెప్పాడు.

"ఊరికి పోయి కప్పులు గిట్ల ఆడకు" అన్నాడు మేనేజర్, నా మోకాలి వైపు కాకుండా ముఖం వైపు చూస్తూ.

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. ఎండాకాలంలో మా అడవి ఊళ్లలో టోర్నమెంట్లు జరుగుతాయి. పట్నం ఆటగాళ్లను కిరాయికి తెచ్చుకుంటారు. గాయమని సెలవు పెట్టి, అక్కడ ఆడి వచ్చినవాళ్లు మా జట్టులోనే ఉన్నారు. నన్నూ వాళ్లలో ఒకడిగా జమకట్టాడని అప్పుడే అనిపించింది.

మా ఊరికి దగ్గరి టౌను చర్లలో బస్సు దిగి ఆటో ఎక్కాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆటో ఆపి నా బ్యాగు విప్పించారు. మోకాలి పట్టీని తిరగేసి మరగేసి చూశారు. మా దగ్గర అది మామూలే. పోలీసులకు ఊరి మీద అనుమానం, ఊరివాళ్లకు కొత్తగా వచ్చే ప్రతి మనిషి మీదా అనుమానం. మధ్యలో నేను, నెలల తరబడి పట్నంలో ఉండి వచ్చేవాణ్ణి, ఇద్దరికీ సగం పరాయివాణ్ణే.

టోర్నమెంట్ రేపనగా, మైదానం పక్కన పదిమంది ఒక మనిషిని చుట్టుముట్టి ఉన్నారు. తెల్లచొక్కా, బూట్లు, చేతిలో పెద్ద ఫోను. వయసు నలభై దాటి ఉంటుంది.

"ఎవని మనిషివి నువ్వు?" అని మా పెద్దనాయన గద్దిస్తున్నాడు.

"బీడీలకు తునికాకు కొననీకి వచ్చిన."

"ఆకు కోత ఎప్పుడో అయిపాయె. ఇప్పుడేం కొంటవ్?"

ఎవరో ఫోను లాక్కోబోయారు. ఒక దెబ్బ పడితే చాలు, సాయంత్రానికి క్యాంపు నుంచి జీపు వస్తుంది, కుర్రాళ్లందరినీ ఎక్కించుకుపోతారు. నాకు ఆ భయమే పట్టుకుంది. కుంటుకుంటూ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాను.

"పెద్దనాయనా, విడిచిపెట్టుర్రి. నేను మాట్లాడుత."

"నీకు ఎరికనా ఈయన?"

"అవ్, ఎరికే" అన్నాను. అబద్ధమే.

ఇంటికి తీసుకువెళ్లాను. అమ్మ అన్నమూ చింతచిగురు పప్పూ పెట్టింది. అతను తలెత్తకుండా తిన్నాడు. నేను నీళ్ల చెంబు తేవడానికి లేస్తే మాత్రం తింటున్న చెయ్యి ఆపి నా నడక చూశాడు.

"కాలుకేమైంది తమ్మీ?"

జరిగింది చెప్పాను. ఇంకేమీ అడగలేదు. అతను చర్ల వైపు వెళ్లాక అమ్మ గిన్నెలు తీస్తూ అంది, "గాయన ఆకు కోసం రాలేదు బిడ్డా. నిన్ను చూడనీకే వచ్చిండు." నేను నవ్వాను.

మర్నాడు టోర్నమెంట్. ఊరివాడినని మొదటి తన్ను నన్నే తన్నమన్నారు. కుడికాలు బరువు మోయదు కాబట్టి ఒక చేయి పెద్దనాయన భుజం మీద వేసి, ఎడమకాలితో బంతిని మెల్లగా నెట్టాను. చప్పట్లు కొట్టారు. అంతే, పోయి నీడలో కూర్చున్నాను. చుట్టూ చాలా ఫోన్లు పైకి లేచాయి. వాటిలో తెల్లచొక్కా మనిషి ఫోను కూడా ఉందని గమనించలేదు.

సెలవు అయిపోయాక మేనేజర్ పిలిచి, నేను బంతి తన్నిన ఫొటో చూపించాడు. నడుము నుంచి కిందికి, నా కాళ్లు మాత్రమే ఉండేలా పక్కలు కూడా కోసేసి ఉంది. పెద్దనాయన లేడు, ఆయన భుజమూ లేదు. గాలిలో నా ఎడమకాలు, నేల మీద కుడికాలు.

"దెబ్బ తగిలిన కాలు మీదనే నిలబడి తంతున్నవ్ కదా?"

"మీరు పంపిన మనిషి మా ఇంట్ల అన్నం తిన్నడు సార్. నేను ఎట్ల నడుస్తున్ననో చూసిండు. అడగుర్రి."

"అడిగిన. కుంటుతున్నడనే చెప్పిండు." మేనేజర్ ఫోను జేబులో వేసుకున్నాడు. "కుంటుడు ఎవనికైనా వస్తది."

మళ్లీ స్కాన్ తీయించమన్నాను. తీయించారు. చిరుగు ఉందన్నారు. కానీ అది పాతది కాదని, ఊళ్లో ఆడి తెచ్చుకున్న చిరుగేనని తేల్చారు. కాంట్రాక్టు పొడిగించలేదు.

తర్వాత చిన్న క్లబ్బుల్లో ఆడాను. మోకాలు కుదిరింది గానీ, డ్రెస్సింగ్ రూములో ఎవరైనా "బాగుందా?" అని అడిగితే ఎవరు పంపారో అనుకునేవాణ్ణి. మంచి పాస్ ఇచ్చినవాణ్ణి కూడా నమ్మలేకపోయాను. అలా ఆట రెండేళ్లకే చాలించాను. ఇప్పుడు మా ఊళ్లోనే ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను.

పోయిన వానాకాలం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. తెల్లచొక్కా మనిషి గొంతని గుర్తుపట్టాను.

"తమ్మీ, ఆ ఫొటో గట్ల కోసింది నేను కాదు. మొత్తం ఫొటోనే పంపిన."

నిజమే చెప్పి ఉండవచ్చు. ఇన్నాళ్లకు ఎందుకు చెబుతున్నాడో, ఇప్పుడు ఎవరి పని మీద ఉన్నాడో అడగాలనిపించింది. "మంచిది అన్నా" అని పెట్టేసి, ఆ నంబరు బ్లాక్ చేశాను.